గీత కింది వంటిల్లు

పరిపాలన ప్రజల ముంగిట్లోకి రావాలని ప్రభుత్వం సంకల్పించింది. మంగతాయారు విషయంలో అది ముంగిట్లో ఆగకుండా తిన్నగా వంటింట్లోకి వచ్చేసింది.

ఆ ఏడాది జిల్లాలను విడగొట్టడం జోరుగా సాగుతోంది. పెద్ద జిల్లాలు చిన్నవయ్యాయి, చిన్నవి ఇంకా చిన్నవయ్యాయి. తమ ఊరు జిల్లా కేంద్రం కాలేదని అలిగినవాళ్ళు నడిరోడ్డు మీద వంటావార్పూ చేసి మరీ సాధించుకున్నారు. వాక జిల్లా వంతు వచ్చేసరికి దాన్ని తూర్పువాక, పడమటివాక అని రెండు చేశారు. రాజధానిలో ఒక అధికారి బల్ల మీద పటం పరిచి, ఎర్ర స్కెచ్ పెన్నుతో పైనుంచి కిందికి ఒక గీత గీశారు. చెయ్యి తిరిగిన మనిషి. గీత ఎక్కడా వణకలేదు.

పటం మీద ఆ గీత జొన్నగింజంత మందం కూడా లేదు. నేల మీదికి దిగేసరికి పదమూడు అడుగులు తేలింది. గీతకు తూర్పున ఉన్నది తూర్పువాక అనీ, పడమరన ఉన్నది పడమటివాక అనీ ఉత్తర్వులో స్పష్టంగా రాశారు. గీత కింద ఉన్నది ఎవరిదో రాయలేదు. ఆ గీత పొలాల మీదుగా, కాలవగట్టు మీదుగా, ఒక శ్మశానం మీదుగా పోయింది. అక్కడెవరూ అభ్యంతరం చెప్పలేదు. గుమ్మడిపాలెం వచ్చేసరికి మాత్రం మంగతాయారు ఇంటి మీదుగా పోయింది. వసారా, హాలు, పడగ్గది తూర్పువాకలో పడ్డాయి. పెరడు, నుయ్యి, స్నానాలగది పడమటివాకలో పడ్డాయి. మధ్యనున్న వంటిల్లు గీత కింద పడింది.

మంగతాయారు ఈ సంగతి తెలుసుకునే సమయానికి వంటింట్లో మామిడికాయల పని ముగించి చేతులు కడుక్కుంటోంది. పుల్లటి నాటుకాయలు ఏరి తెప్పించి, చెక్కు తీసి, ముక్కలన్నీ ఒక్క మందాన తరిగి, ఉప్పూ పసుపూ కలిపి పెద్ద జాడీలో వేసి, వాసెన కట్టింది. మూడో రోజున ముక్కల్ని ఊటలోంచి పిండి డాబా మీద ఎండబెట్టాలి. ఊటనీ ఎండలో పెట్టాలి. ఆ తర్వాతే కారం, మెంతిపిండి, ఇంగువ పోపు. మాగాయ అంటే ఆ ఇంట్లో ఊరగాయ కాదు, ఏడాది పొడుగునా అత్తగారి నోట్లోకి వెళ్ళే మొదటి ముద్ద. మహలక్ష్మమ్మగారికి ఎనభై దాటాక ఏదీ సయించడం లేదు. మాగాయ అన్నం ఒక్క ముద్ద పడితే తర్వాత నాలుగు ముద్దలు వాటంతట అవే పడతాయి. అది పడకపోతే ఆవిడ కంచం ముందునుంచి లేచిపోతుంది.

ఆవిడ వంటింటి మూల, నీళ్ళబిందెల పక్కన పీట వేసుకుని పగలంతా వత్తులు చేసుకుంటూ ఉంటుంది. చెవులు కొంచెం మందం. కళ్ళు మాత్రం, ముఖ్యంగా నేల వైపు చూసేటప్పుడు, బహు చురుకు. అక్కణ్ణుంచి ఆవిడకు హాలు తలుపూ పెరటి తలుపూ రెండూ కనిపిస్తాయి.

ముందుగా హాలు తలుపులోంచి ఒక పెద్దమనిషి, ఆయన వెనక టేపు పట్టుకున్న ఇద్దరూ వచ్చారు. సరిగ్గా అప్పుడే పెరటి తలుపులోంచి ఇంకో పెద్దమనిషి, ఆయన వెనక ఇంకో టేపు వచ్చాయి.

"చెప్పులు!" అంది మహలక్ష్మమ్మగారు తలెత్తకుండానే.

అందరూ వెనక్కి తగ్గి, చెప్పులు బయట విడిచి, మళ్ళీ వచ్చారు.

"నమస్కారమమ్మా. నన్ను పరాంకుశం అంటారు. తూర్పువాక జిల్లా సరిహద్దుల పరిరక్షణ ప్రత్యేకాధికారిని," అన్నాడు హాలు వైపు పెద్దమనిషి. "తమరేమీ కంగారు పడనవసరం లేదు. ఈ వంటిల్లు అనాదిగా తూర్పువాకలో అంతర్భాగం."

తూర్పువాక పుట్టి అప్పటికి రెండో రోజు.

"మన్నించాలి," అన్నాడు పెరటి వైపు పెద్దమనిషి. ఆయన పేరు దండపాణి. పడమటివాకకు ఆయనా ప్రత్యేకాధికారే. "చారిత్రకంగా చూసినా, సాంస్కృతికంగా చూసినా ఇది పడమటివాకది. పొగగొట్టం ఎటు తిరిగి ఉందో చూడండి."

"పొయ్యి ఎటు తిరిగి ఉందో మీరు చూడండి!"

"పొయ్యి తూర్పుముఖంగా ఉండాలని మా మావగారు పెట్టించారండీ," అంది మంగతాయారు. "అప్పటికి జిల్లా ఒకటే."

ఆ మాట ఇద్దరూ రాసుకున్నారు. ఎవరికి అనుకూలంగా రాసుకున్నారో తెలియలేదు.

సాయంత్రం ఆమె భర్త వెంకటరత్నం రైసుమిల్లు నుంచి వచ్చేసరికి ఇంట్లో రెండు ముగ్గుగీతలు పడి ఉన్నాయి. వంటింటికి అటొకటి, ఇటొకటి. హాలు గుమ్మం దగ్గర తూర్పువాక హోంగార్డు, పెరటి గుమ్మం దగ్గర పడమటివాక హోంగార్డు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. గోడకు ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద ఇద్దరు అధికారుల సంతకాలూ ఉన్నాయి. రెండు జిల్లాలూ కలిసి చేసిన మొదటి పని అదే.

'తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు సదరు వంటింటి యందు యథాతథ స్థితి కొనసాగవలెను. లోపలి వస్తువు బయటకు గాని, బయటి వస్తువు లోపలకు గాని పోరాదు. లోపలి వస్తువు ఒక రూపము నుండి మరియొక రూపమునకు మారరాదు.'

మంగతాయారు దాన్ని రెండుసార్లు చదివింది. "అంటే అన్నం వండకూడదా అండీ?" అని అడిగింది పరాంకుశాన్ని.

"ఎంతమాటమ్మా! ఆహారహక్కును కాదనడానికి మేమెవరం? నిరభ్యంతరంగా వండుకోండి," అన్నాడాయన. "బియ్యం అన్నంగా మారకుండా చూసుకోండి, అంతే."

"ఏవిటే తాయారూ ఇదంతా?" అన్నాడు వెంకటరత్నం గొంతు తగ్గించి. "నువ్వేమన్నా సంతకం పెట్టావా?"

"నేనా? మామిడికాయలు తరుక్కుంటున్నానండీ!"

ఆ రాత్రి భోజనం పక్కింటి కనకవల్లి క్యారియరులో పంపింది. దాన్ని పడగ్గదిలో కూర్చుని తూర్పువాకలో తిన్నారు. చేతులు పడమటివాకలో కడుక్కున్నారు. వంటింట్లోంచి నడవచ్చు గాని ఆగకూడదని హోంగార్డులు చెప్పారు. పీట మీదున్న మహలక్ష్మమ్మగారికి మాత్రం ఆ మాట వినిపించలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్ద గొడవ లేచింది. ముందురోజు అధికారులు రాసుకున్న వంటింటి సామాన్ల లెక్కలో 'పాలు, ఒక గిన్నె' అని రాసి ఉన్న చోట గిన్నెలో పాలు లేవు. పెరుగుంది.

దండపాణి గిన్నె వంచి చూశాడు. పరాంకుశం వాసన చూశాడు.

"యథాతథ స్థితికి ఇది తీవ్రమైన విఘాతం," అన్నాడు దండపాణి. "దీనికి బాధ్యులెవరు?"

"ఎవరూ కాదండీ. మీరు రాకముందే తోడేశాను. రాత్రికి తోడుకుంది."

"తోడెక్కడిది?"

"మాది పులిసిపోతేనూ, పక్కింటి కనకవల్లిగారిని అడిగి తెచ్చాను."

ఇద్దరు అధికారులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "బయటి శక్తుల ప్రమేయం," అన్నాడు పరాంకుశం మెల్లగా.

కనకవల్లిని పిలిపించి విచారించారు. ఆమె నోరు గల మనిషి. "అవునయ్యా, చెంచాడు పెరుగు ఇచ్చాను. దాంతో మీ జిల్లా కూలిపోతే కూలిపోనివ్వండి. ఇంకో గరిటెడు ఉంది, తెమ్మంటారా?" అని అడిగి వెళ్ళిపోయింది.

ఆ పైన ఇద్దరి దృష్టీ జాడీ మీద పడింది. వాసెన విప్పించి చూశారు. ముక్కలు ఊట ఊరుతున్నాయి. ఉత్తర్వును లెక్కచెయ్యకుండా ముక్కలోని పులుసు బయటికొస్తోంది, బయటి ఉప్పు లోపలికి పోతోంది. రెండు నిబంధనల ఉల్లంఘన ఒకే జాడీలో జరుగుతోంది.

"దీన్ని ఆపగలరా అమ్మా?" అన్నాడు దండపాణి.

"ఆపలేనండీ. రేపు పిండి ఎండబెడితే అదే ఆగుతుంది."

"ఎక్కడ ఎండబెడతారు?"

"డాబా మీద."

"డాబాకి మెట్లు మా పెరట్లో ఉన్నాయి. అంటే ఈ సరుకు మా జిల్లాలోకి వస్తుందన్నమాట. సంతోషం."

"వీల్లేదు!" అన్నాడు పరాంకుశం. "వివాదాస్పద ప్రాంతంలోని సంపదను తరలించుకుపోవడాన్ని తూర్పువాక ప్రజానీకం చూస్తూ ఊరుకోదు."

తూర్పువాక ప్రజానీకంలో ఆ సమయానికి అక్కడున్నది హోంగార్డు ఒక్కడే. అతను నిజంగానే చూస్తూ ఊరుకున్నాడు. వాసెన మళ్ళీ కట్టించి, దాని మీద రెండు జిల్లాల ముద్రలూ వేసి, కదపరాదని చీటీ అంటించారు.

"అది మా అత్తగారికండీ," అంది మంగతాయారు. "పాడైతే మళ్ళీ పెట్టడానికి కాయలు కూడా దొరకవు. కాపు అయిపోవచ్చింది. నాలుగు రోజులు పోతే ముక్క మెత్తబడుతుంది. పైగా ఆదివారం నుంచి వానలని రేడియోలో చెప్పారు."

"తమ ఆవేదనను పై అధికారుల దృష్టికి తీసుకువెళతాం," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ పైన పరాంకుశం గొంతు సవరించుకున్నాడు. "అమ్మా... కాఫీ ఏమన్నా..."

"కాఫీ పెడితే నీళ్ళు కాఫీగా మారతాయి కదండీ?"

అధికారులు పక్కకు వెళ్ళి మాట్లాడుకున్నారు. పది నిమిషాల్లో సవరణ వచ్చింది. తనిఖీ అధికారులకిచ్చే కాఫీని విధినిర్వహణకు అత్యవసరమైన ద్రవంగా గుర్తించి నిబంధన నుంచి మినహాయించారు. ఆ రోజునుంచి మంగతాయారు పొయ్యి మీద పూటకు రెండుసార్లు కాఫీ మరిగేది. అన్నం మాత్రం ఉడికేది కాదు. డికాషన్ పలచనైతే ఇద్దరూ మర్యాదగా తెలియజేసేవారు. వచ్చిన ప్రతిసారీ మహలక్ష్మమ్మగారు "చెప్పులు!" అనేది. వచ్చిన ప్రతిసారీ వాళ్ళు విడిచేవారు.

మంగతాయారు చదువుకున్న రోజుల్లో బి.ఎ.లో ఆమె పాఠ్యాంశం రాజనీతిశాస్త్రం. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో దాంతో పడిన పని ఇంతవరకూ లేదు. ఇప్పుడు కాఫీ గ్లాసులు తోముతుంటే ఆ మొదటి పాఠం దానంతటదే గుర్తొచ్చింది. రాజ్యానికి అంగాలు నాలుగు. ప్రజలు, ప్రాంతం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. మొదటి మూడూ ఈ వంటింటికి ఉన్నాయనే అనిపించింది. ప్రజలు, తనూ అత్తగారూ. ప్రాంతం, గూట్లోని దీపం నుంచి తూము దాకా. ప్రభుత్వం, ఏది ఎప్పుడు వండాలో, ఏ డబ్బా ఎక్కడుండాలో చూసుకునేది తనే. నాలుగోదే లేదు. నాలుగోది ఉంటే ఈ పాటికి ముక్కలు ఎండలో ఉండేవి.

మూడో రోజున జనాభా లెక్కలవాళ్ళు వచ్చారు. వంటింట్లో ఎవరు శాశ్వత నివాసులో తేలితే ప్రజాభిప్రాయం సేకరించాలని రెండు జిల్లాలూ ఒప్పుకున్నాయి.

"మీరు వంటింట్లో రోజుకు ఎంతసేపు ఉంటారు?" అని వెంకటరత్నాన్ని అడిగారు.

"నేనా? మంచినీళ్ళు కావాలంటే వస్తానండీ. అదీ తను పలక్కపోతేనే."

ఆయన్ని 'రాకపోకలు సాగించు విదేశీయుడు' అని రాసుకుని ఒక పాసు ఇచ్చారు. వంటింటి విషయంలో తనకు ఒక హోదా దొరకడం అదే మొదలు కాబట్టి వెంకటరత్నం దాన్ని జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

మంగతాయారుని అడగవలసిన పని లేకపోయింది. ఆమె కాలికింద గచ్చు అరిగి ఉండటం చూసి నివాసి అని రాసేశారు. మహలక్ష్మమ్మగారి దగ్గర మాత్రం కాస్త ఇబ్బంది పడ్డారు.

"మామ్మగారూ! తమరు ఏ జిల్లాలో చేరదలుచుకున్నారు?"

"ఏకాదశి ఎల్లుండి కదూ? ఇవాళ తింటాను," అందావిడ.

"అది కాదండీ. తూర్పా, పడమరా?"

"తూర్పుకే తల పెట్టుకుని పడుకుంటాను. పడమటికి కాళ్ళు."

పరాంకుశం తలను తన ఖాతాలో వేసుకున్నాడు. కాళ్ళు తనవేనని దండపాణి పట్టుబట్టాడు. అభిప్రాయసేకరణ ప్రచారం ఆ మధ్యాహ్నమే మొదలైంది. తూర్పువాక తరఫున ఒక గ్రైండరు ఇస్తామన్నారు. పడమటివాక తరఫున గ్రైండరూ, దానికి మూతా ఇస్తామన్నారు.

"నాకు గ్రైండరుందండీ," అంది మంగతాయారు. "ఎవరు ఆ జాడీ డాబా మీదికి పోనిస్తే వాళ్ళకే నా ఓటు."

"అది విధానపరమైన అంశం," అన్నాడు పరాంకుశం. "విలీనం తర్వాత సానుకూలంగా పరిశీలిస్తాం."

"మేము అత్యంత సానుకూలంగా పరిశీలిస్తాం," అన్నాడు దండపాణి.

ఇంతలో లెక్కలవాళ్ళలో ఒకతనికి అనుమానం వచ్చింది. "సార్, ఓట్లు రెండే. ఒకటి అటూ ఒకటి ఇటూ పడితే?"

అందరూ ఆలోచనలో పడ్డారు. వంటింటిని మధ్యకు కోసి చెరో సగం పంచుకోవాలని ఒకరన్నారు. అలా కొయ్యాలంటే ఇంకో గీత గియ్యాలనీ, ఆ గీత కింద పడేది ఎవరిదనీ ఇంకొకరన్నారు. అభిప్రాయసేకరణ నిరవధికంగా వాయిదా పడింది.

శుక్రవారం సాయంత్రం మంగతాయారు జాడీ దగ్గర ముక్కు పెట్టి చూసింది. ముద్రలు వేసిన వాసెనలోంచి వాసన ఇంకా పుల్లగానే వస్తోంది. కానీ అంచున ఏదో చిన్న తేడా. ఇంకెవరూ పట్టలేనంత చిన్నది. ఆమె వెళ్ళి అత్తగారికి కనకవల్లి పంపిన అన్నం కలిపి పెట్టింది.

"మాగాయ లేదూ?" అంది మహలక్ష్మమ్మగారు.

"పాతది అయిపోయిందండీ అత్తయ్యగారూ. కొత్తది..."

"సరేలే," అని ఆవిడ రెండు మెతుకులు నోట్లో వేసుకుని కంచం పక్కకి జరిపింది.

మామూలుగా సరిహద్దుల నిర్ధారణ సంఘానికి ఇలాంటి వివాదం విచారించడానికి ఏళ్ళు పడుతుంది. అయితే సంఘం అధ్యక్షులు త్రివిక్రమరావుగారి పదవీకాలం ఆ ఆదివారంతో ముగుస్తోంది. పదవిలో ఉండగా ఒక్క సరిహద్దైనా కళ్ళారా చూడాలని ఆయన కోరిక. అందుకని శనివారం పొద్దున్నే స్వయంగా వచ్చారు. పొట్టిగా, పొడిగా, చేతికర్రతో ఉన్నారు. ఆయన కిర్రుచెప్పులు వసారాలోనే విడిచి హాల్లో కుర్చీలో కూర్చున్నారు. అధ్యక్షులవారి రాక కనుక పరాంకుశం, దండపాణి ఇద్దరూ ఇస్త్రీ దుస్తులు వేసుకుని, నిగనిగలాడే బూట్లకు తాళ్ళు బిగించి కట్టుకుని అటూ ఇటూ నిలబడ్డారు.

"ఒక నేల ఎవరిదో తేల్చడానికి మూడు పరీక్షలున్నాయి," అన్నారు త్రివిక్రమరావుగారు. "మొదటిది చరిత్ర."

"సహస్రాబ్దాలుగా తూర్పువాక..." అని మొదలుపెట్టాడు పరాంకుశం.

"వారం నిండని జిల్లాకి చరిత్రెక్కడిదయ్యా? పురుడు కూడా వెళ్ళలేదు. రెండోది, అక్కడి ప్రజల కోరిక."

"వాయిదా పడిందండీ," అన్నాడు దండపాణి.

"మూడోదే అసలైనది. అక్కడ ఎవరి మాట చెల్లుబాటవుతోంది? కాగితం మీద రాసింది కాదు. చెప్పగానే జనం ఎవరి మాట వింటున్నారు?"

"మా మాటేనండీ!" అన్నారు ఇద్దరూ. పరాంకుశం తాను అంటించిన నోటీసుల పేర్లు చదివాడు. దండపాణి తాను వేసిన ముద్రలు ఏకరువు పెట్టాడు. అధ్యక్షులవారు కళ్ళు మూసుకుని అంతా విన్నారు. ఆ పైన నిట్టూర్చారు.

"సమానంగా ఉన్నారు. మంచిది. పదవి దిగినా తీర్పు రాసే బాధ్యత నాదే కాబట్టి ఆలోచించి మూడు నెలల్లో పంపిస్తాను. అప్పటి వరకు యథాతథ స్థితి."

హాలు గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మంగతాయారు కిటికీలోంచి ఎండ చూసింది. తెల్లగా, కరకరలాడేటట్టుంది. అలాంటి ఎండ మళ్ళీ ఎప్పుడు కాస్తుందో తెలియదు. ఆమె కొంగు నడుముకు బిగించింది.

"మీ తీర్పు మూడు నెలలకి వచ్చినా పరవాలేదండీ," అంది నెమ్మదిగా. "మాగాయ ఆగదు."

ముగ్గుగీత దాటి వంటింట్లోకి నడిచింది. జాడీ చుట్టూ చేతులు వేసి, ఒక్క ఊపున చంకకెత్తుకుంది. పరాంకుశానికి విషయం అర్థమయ్యేసరికి ఆమె పొయ్యి దాటింది.

"ఆగండమ్మా! తరలింపు! తరలింపు జరుగుతోంది!" అని అరుస్తూ అతను వంటింటి వైపు పరుగెత్తాడు. "నా సరిహద్దు! నేనొస్తున్నా!" అంటూ దండపాణి వెనకే దూకాడు. ఇద్దరూ ఒకేసారి గుమ్మంలోకి వచ్చారు.

"చెప్పులు!" అంది మహలక్ష్మమ్మగారు.

ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు. వంగి, ఒక్కో మోకాలు నేలకానించి, బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టారు. తాళ్ళు బాగా బిగించి కట్టుకున్నవి. పరాంకుశానిది ముడి పడింది.

పెరటి గుమ్మంలో పడమటివాక హోంగార్డు సూరన్న కర్ర అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సూరన్నా, తలుపు తియ్యి. చేతులు ఖాళీ లేవు," అంది మంగతాయారు.

సూరన్న కర్ర గోడకానించి, గడియ తీసి, పక్కకు తప్పుకున్నాడు. "మెట్ల మీద పాకుడుంది, జాగ్రత్తమ్మా," అన్నాడు.

మెట్టెక్కబోతూ ఆమె ఒకసారి వెనక్కి చూసింది. వంటింటి అవతలి గుమ్మంలో రెండు జిల్లాల సరిహద్దుల పరిరక్షకులూ పక్కపక్కన మోకాళ్ళ మీద ఉన్నారు. వాళ్ళ వెనకనుంచి త్రివిక్రమరావుగారు కళ్ళజోడు సవరించుకుని వాళ్ళనే చూస్తున్నారు.

డాబా మీద చాప పరిచి, పాత పంచె వేసి, ముద్రలు తెంపి వాసెన విప్పింది. ముక్క తీసి వేలితో నొక్కింది. గట్టిగానే ఉంది. పిండి ఒక్కో ముక్కా పరుస్తుంటే, పక్కనున్న పొగగొట్టంలోంచి కింది మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా పైకి వస్తున్నాయి.

"పరాంకుశంగారూ, ఎందుకాగారు?" అంటున్నారు అధ్యక్షులవారు.

"బూట్లు విప్పాలి కదండీ."

"ఎవరి ఉత్తర్వు మీద? తూర్పువాక ఇచ్చిందా?"

"లేదండీ."

"దండపాణిగారూ, మీ జిల్లా ఇచ్చిందా?"

"లేదండీ... వంటిల్లు కదండీ."

"ఈ వారమంతా ఇలాగే విప్పారా?"

"విప్పామండీ."

"ఒక్కసారైనా విప్పకుండా వచ్చారా?"

"అమ్మో!" అన్నారు ఇద్దరూ.

చేతికర్ర నేల మీద ఒకసారి టక్కుమంది.

"రాసుకోండి. సదరు వంటింటి యందు నోటీసులు అంటించబడినవి, వాటి నడుమ పాలు పెరుగైనవి. ముద్రలు వేయబడినవి, జాడీ నడిచిపోయినది. కాపలాదారు తలుపు తీసినాడు. తూర్పువాక మాట ఇక్కడ చెల్లలేదు. పడమటివాక మాట చెల్లలేదు. ఉభయ పక్షాలూ, ఏ ఒత్తిడీ లేకుండా, ఎన్నడూ తప్పకుండా శిరసావహించిన ఆజ్ఞ ఒక్కటే. ఎవరి ఆజ్ఞ చెల్లునో వారిదే ఆ నేల. కాబట్టి ఈ వంటిల్లు ఏ జిల్లాకూ చెందదు. గీత కింద స్వతంత్రంగా ఉండును."

ముక్కలు పరుస్తున్న మంగతాయారు నవ్వుకుంది. నాలుగోది కూడా సమకూరింది. పాఠం చెప్పిన మేష్టారికి ఇప్పుడీ వంటిల్లు చూపించాలనిపించింది.

"అయితే, మంగతాయారుగారి పేర రాసెయ్యమంటారా అండీ?" అంది పరాంకుశం గొంతు.

"ఆవిడ ఎందుకు? ఆవిడ ప్రజలు," అన్నారు త్రివిక్రమరావుగారు. "ఆజ్ఞ ఇచ్చింది ఆ మూల కూర్చున్న పెద్దావిడ. వారి పేరేమిటి?"

"మహలక్ష్మమ్మగారండీ."

"సార్వభౌమాధికారం మహలక్ష్మమ్మగారిది."

ఊటలో మంగతాయారు చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

ఇరవై రెండేళ్ళు. తెల్లవారి మొదటి కాఫీ నుంచి రాత్రి ఆఖరి గిన్నె వరకూ. ఆమెకు కోపం రావాలి. రాలేదు. చెయ్యి మూతికి అడ్డం పెట్టుకోబోయి, ఉప్పు తగిలి, ఎండలో ఒంటరిగా నిలబడి గట్టిగా నవ్వేసింది. పక్క డాబా మీద చీరలు ఆరేస్తున్న కనకవల్లి పిట్టగోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఏమయిందే తాయారూ? ఎవరికొచ్చింది వంటిల్లు?"

"మా అత్తగారికి!"

"ఓసి నీ ఇల్లు బంగారం గాను! దానికి వీళ్ళంతా రావాలా? నన్నడిగితే మొదటిరోజే చెప్పేదాన్నిగా!" అని కనకవల్లి నుదురు కొట్టుకుంది. వెంటనే గొంతు తగ్గించింది. "అది సరే గానీ, వాళ్ళు వెళ్ళేలోగా ఆ స్కెచ్ పెన్ను ఒకసారి మా వంటింటి మీదుగా కూడా పోనివ్వమని అడగవే. మా ఆయన పెత్తనం పడలేకపోతున్నాను."

కిందికి దిగేసరికి హాలు ఖాళీ అయింది. హోంగార్డులు కర్రలతో సహా వెళ్ళిపోయారు. త్రివిక్రమరావుగారు వెళ్ళేముందు ఎండిన ముక్క ఒకటి చవి చూడాలని ఉందనీ, పదవిలో లేకపోయినా కబురు చేయమనీ వెంకటరత్నంతో చెప్పి వెళ్ళారట. వెంకటరత్నం తన పాసు ఇంకా చెల్లుతుందా అని అడుగుతున్నాడు.

మంగతాయారు అత్తగారి పక్కన కూర్చుని చెవి దగ్గర నోరు పెట్టింది. "అత్తయ్యగారూ! ఈ వంటిల్లు మీదేనని తీర్పు ఇచ్చారు!"

"ఏవిటీ?"

"వంటిల్లు! మీ రాజ్యం! మీ మాటే చెల్లుతుందిట!"

ఆవిడ వత్తి చెయ్యడం ఆపి కోడలి ముఖంలోకి చూసింది. "నాకెందుకే ఇప్పుడు? నువ్వొచ్చిన ఏడాదే తాళాలు నీ కొంగుకి కట్టాను కదే. ఆ రావుగారికి తెలీదేమో, చెప్పకపోయావా?" అంది. మళ్ళీ దూది చేతిలోకి తీసుకుంది. "నువ్వే ఏలుకో. చెప్పుల సంగతి మాత్రం నేను చూసుకుంటాను."

ఆదివారం వాన ఒక్క పూట ఆలస్యంగా వచ్చింది. మధ్యలో వచ్చిపోయిన జల్లులకి ముక్కల్ని చాపతో సహా లోపలికి చేరవేస్తూ, మళ్ళీ ఎండకు పెడుతూ మంగతాయారు మాగాయ నిలబెట్టుకుంది. ఆ పై శుక్రవారం కారం, మెంతిపిండి కలిపి పోపు పెట్టింది. నూనె కాగి ఇంగువ పడగానే ఆ వాసన వంటింట్లోంచి బయల్దేరి, హాలు దాటి తూర్పువాకలోకీ, పెరడు దాటి పడమటివాకలోకీ, ఎవరి అనుమతీ లేకుండా వెళ్ళిపోయింది.

కాసేపటికి హాలు గుమ్మంలో పరాంకుశం నిలబడి ఉన్నాడు. పెరటి గుమ్మంలో దండపాణి నిలబడి ఉన్నాడు. ఈ చుట్టుపక్కల కాలవగట్టు సర్వే పనుండి వచ్చామన్నారు ఇద్దరూ.

"అమ్మా, లోపలికి రావచ్చా?"

మహలక్ష్మమ్మగారు వత్తుల మీదనుంచి చూపు నేల వైపు తిప్పింది. అటు చూసింది, ఇటు చూసింది. రెండు గుమ్మాల్లోనూ నాలుగు పాదాలూ ఖాళీగా ఉన్నాయి. బూట్లు వసారాలో ఒక జతా, నూతి దగ్గర ఒక జతా విడిచి మరీ వచ్చారు. ఆవిడ నోరు తెరిచింది గానీ అనడానికి ఏమీ లేకపోయింది.

"కూర్చోండి," అంది చివరికి. "అమ్మాయ్, వేడన్నం ఉందా? పీటలు వెయ్యి."